మొహమాటానికి కొన్న థర్టీ టూ

ఇది ఒక వీరగాథ. ఇందులో తుపాకులున్నాయి, పట్టపగలు జరిగిన దోపిడీ ఉంది, దేనికీ వెరవని ఒక మనిషి ఉన్నాడు. ఇలా మొదలుపెట్టి ఒక పేజీ రాశాక నాకే నవ్వొచ్చి చింపేశాను. నిజానికి ఇందులో తుపాకీ పేలింది కాగితం బొమ్మ మీద మాత్రమే. దోపిడీ, ఒక దగ్గుమందు సీసా అమ్మేంత సేపట్లో ముగిసిపోయింది. ఇక ఆ మనిషికి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం, తన మూలంగా ఎవరైనా నొచ్చుకుంటారేమోనని. వీరగాథలు ఇలాంటి సరుకుతో తయారు కావు.

పోయిన వారం, అమెరికాలో మేముండే వర్జీనియాలోని షాంటిలీలో ఒక తుపాకుల కొట్టుకి వెళ్ళాను. నేను ఫార్మసిస్టుని. మా మందుల షాపులో కౌంటర్ దగ్గర పనిచేసే లిండాని ఎవడో కత్తి చూపించి బెదిరించి, నొప్పి బిళ్ళలు పట్టుకుపోయాడు. అప్పుడు నేను వెనక గదిలో ఫోన్లో ఉన్నాను. మా యజమాని, వానకాలం కదా గొడుగు దగ్గరుంచుకో అన్నంత తేలిగ్గా, ఒక గన్ దగ్గరుంచుకోమన్నాడు. కొట్టులో మనిషి ఆకుపచ్చ గుడ్డ పరిచి దాని మీద ఒక చిన్న రివాల్వర్ పెట్టాడు. కుట్టుమిషను నూనెలో ఇనుము నానబెట్టినట్టు ఒక వాసన గుప్పుమంది. "ఏ క్యాలిబర్ అనుకుంటున్నారు?" అని అడిగాడు. క్యాలిబర్ అంటే తూటా లావు, అంగుళంలో వందో వంతుల లెక్కన. ఆ వాసనా ఆ ప్రశ్నా కలిసి వచ్చేసరికి   నాకు ప్రభుదాస్ అంకుల్ గుర్తొచ్చారు.

నేను ఫార్మసీ చదివే రోజుల్లో ఆయన ఇంట్లో కింది గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆయనది నరసాపురం. ఇక్కడ ఒక మందుల షాపులో ఫార్మసిస్టు. బట్టతల, తెల్ల కోటు, జేబు మీద పేరున్న చిన్న ప్లాస్టిక్ బిళ్ళ. మందు ఎలా తయారవుతుందో కాలేజీ నాకు నేర్పింది, మందు ఎలా ఇవ్వాలో ఆయన నేర్పారు. "సీసా మీద రాసింది వాళ్ళు ఇంటికెళ్ళి చదువుకుంటార్రా. నువ్వు మాత్రం మొహం చూసి ఇవ్వు. థాంక్యూ అన్నారనుకో, మనం యూ ఆర్ వెల్కమ్ అనకుండా ఏ మనిషీ గుమ్మం దాటకూడదు" అనేవారు. వందమంది వరసలో ఉన్నా ఆ మాట మింగేవారు కాదు. విసుక్కునే ముసలివాళ్ళు కూడా ఆ మాట కోసం ఒక క్షణం ఆగి వినేసి వెళ్ళేవాళ్ళు.

ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు చర్చి, ఒక అమెరికన్ చర్చివాళ్ళ హాలు అద్దెకి తీసుకుని జరిగేది. పక్క గదిలో పిల్లలకి సండే స్కూలు. అంకుల్ బూట్లు విప్పి కార్పెట్ మీద బాసింపట్టు వేసుక్కూర్చునేవారు. ఇక ఆయన మనిషి కాదు, ఆటస్థలం. ఒకడు భుజాల మీద, ఒకత్తె ఒడిలో, ఇద్దరు వీపు మీద. బైబిల్లో యోనా ప్రవక్తని మింగిన చేప ఆయన కథలో గోదావరికి ఎదురీదొచ్చిన పులస.

"వాట్ ఈజ్ పులసా, అంకుల్?" అని అడిగింది ఆయన ఒళ్ళోంచి షీబా. ఐదేళ్ళది, ఇక్కడే పుట్టింది.

"చేపమ్మా. మా ఊళ్ళో అయితే అది యోనాని మింగేలోపలే మేం దాన్ని పులుసు పెట్టేసేవాళ్ళం. బైబిల్లో ఆ పేజీ ఉండేది కాదు."

ఎనభైల మొదట్లో ఒక వాన మధ్యాహ్నం ఆయన షాపులోకి ఒకడొచ్చి పిస్తోలు చూపించాడు. అడిగిన బిళ్ళలు ఆయన ఇచ్చేశారు. వాడు వెళ్ళిపోయాడు. అంతవరకే మా అందరికీ తెలుసు. ఆ వారం శనివారం ప్రార్థన కూడిక విక్టర్ అంకుల్ ఇంట్లో జరిగింది. సోఫాలు గోడకి జరిపి, దుప్పట్లు పరిచి, అందరం కింద కూర్చున్నాం. ప్రార్థన మనవులు చెప్పమన్నారు. ఎవరికో గ్రీన్ కార్డు, ఎవరి కోడలికో కాన్పు. ప్రభుదాస్ అంకుల్ గొంతు సవరించుకుని, "నేను గన్ ఒకటి తీసుకుందామనుకుంటున్నాను. రోజూ దగ్గర పెట్టుకోడానికి. ఏ క్యాలిబర్ తీసుకోవాలో ప్రార్థన చెయ్యండి" అన్నారు.

ఆ రోజు దేవుడికి మాట్లాడే అవకాశం దొరకలేదు. విక్టర్ అంకుల్ రక్షణ శాఖకి లెక్కలు కట్టే ఒక కంపెనీలో ఇంజనీరు కాబట్టి తుపాకుల విషయంలో తనదే చివరి మాట అని ఆయన నమ్మకం. "ఫార్టీ ఫైవ్, దాస్! ఇంకేం చూడొద్దు. ఒక్కటి తగిల్తే వాడు మళ్ళీ లేవడు" అన్నారు, అప్పుడే బజ్జీ అందుకుంటూ.

"అయ్యో, లేవకపోతే ఎలా నాయనా? వాడికీ ఓ తల్లుంటుంది కదా" అన్నారు కృపమ్మ గారు. చర్చిలో అందరికన్నా పెద్దావిడ. "అన్నిట్లోకీ చిన్నది ఏంటది, ఇరవై రెండా? అది తీసుకో. తగిలినా దెబ్బ తక్కువుంటుంది."

"చిన్నదైతే వాడికి కోపం వస్తుందండీ!" అన్నారు విక్టర్ అంకుల్.

"పెద్దదైతే రాదా?"

పాస్టరు గారు తగాదా సర్ది, ఇది ప్రార్థనతో తేల్చుకోవాల్సిన విషయమన్నారు. తర్వాత కాఫీ దగ్గర నన్ను పక్కకి పిలిచి, నైన్ ఎంఎం సంగతేమిటని గుసగుసగా అడిగారు. నేను ఫార్మసీ విద్యార్థిని కాబట్టి, మిల్లీమీటర్లలో, మిల్లీగ్రాముల్లో ఉన్నవన్నీ నాకు తెలుసని ఆయన ఉద్దేశం.

అలా నాలుగు నెలలు నడిచింది. ఫోన్లలో, పార్కింగులో, పెళ్ళి విందుల్లో అదే చర్చ. అంత ఆసక్తిగా మా వాళ్ళు దేని గురించీ మాట్లాడుకోవడం నేను చూడలేదు. ఎందుకంటే అది అందరికీ అభిప్రాయం ఉండగలిగిన ప్రశ్న. మరో ప్రశ్న ఒకటుంది, ఆ మధ్యాహ్నం ఏం జరిగిందని. దాన్ని ఎవరూ అడగలేదు. అడిగితే బాధపడతారేమోనని మొహమాటం. తనంతట తానే చెబితే వాళ్ళ సాయంత్రం పాడవుతుందేమోనని ఆయనకీ మొహమాటం. ఆయన భార్య సుగుణ ఆంటీ కూడా, "కుదుటపడ్డాక ఆయనే చెప్తార్లే బాబూ" అని కూర కలుపుతూ ఉండిపోయేవారు.

వర్జీనియాలో తుపాకీ బట్టల కింద దాచుకు తిరగాలంటే అప్పట్లో జడ్జి అనుమతి కావాలి. అది దొరికాక, కొట్టుకి నన్ను తోడు తీసుకెళ్ళారు. అక్కడి పెద్దాయన మంచి ఓపికున్నవాడు. తూటా లావయ్యేకొద్దీ తుపాకీ బరువెక్కుతుంది, బరువైనది కోటు కింద దాగదు, దాగేంత చిన్నదాంట్లో లావు తూటా వేస్తే చెయ్యి అదిరిపోతుంది అని విడమరిచి చెప్పాడు. "పెద్దది కొన్నవాళ్ళు నెల తిరిగేసరికి దాన్ని సొరుగులో పెట్టేస్తారు. మీరు రోజూ మోయగలిగింది కొనండి" అని, ఐదు తూటాల థర్టీ ఎయిట్ ఒకటి ఇచ్చి వెనకున్న గదిలో కాల్పించాడు. అంకుల్ కాగితం బొమ్మకి ఛాతీ మీదే కొట్టారు. ఆయన మొహంలో చాలా రోజుల తర్వాత ఒక చిన్న వెలుగు చూశాను. అదే తీసుకుంటారనుకున్నాను. కౌంటర్ దగ్గరికొచ్చి ఆయన, "థర్టీ టూ ఏమైనా ఉందా?" అని అడిగారు.

కారెక్కాక ఉండబట్టలేక అడిగాను. "అదేంటి అంకుల్? ఆ మనిషి చెప్పింది థర్టీ ఎయిట్, మీకు నచ్చింది థర్టీ ఎయిట్. మధ్యలో ఇదెక్కణ్ణుంచి వచ్చింది?"

"విక్టర్ నలభై ఐదన్నాడు. కృపమ్మ గారు ఇరవై రెండన్నారు. ఎవర్ని కాదన్నా బాగోదు కదరా. ఇది ఇంచుమించు మధ్యలో ఉంటుంది."

"ఇది తూటా అంకుల్! సండే స్కూలు కార్పెట్ రంగు కాదు."

"కార్పెట్ కూడా అలాగే కొన్నాం. ఎవరూ ఏమీ అన్లేదు."

"ఎవరూ దాన్ని చూడను కూడా లేదు."

ఆయన నవ్వారు. ఆయుధాల చరిత్రలో సగటు తీసి కొన్న తుపాకీ బహుశా అదొక్కటే. కానీ తూటా లావు తేలినంత మాత్రాన పని పూర్తి కాలేదు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? షాపులో తెల్ల కోటు ఉంది, సరే. మిగతా రోజంతా? మనవాళ్ళ ఇళ్ళలో గుమ్మం దగ్గరే బూట్లు విప్పాలి, నేల మీద మఠం వేసుక్కూర్చోవాలి, ప్యాంటు పైకి జరుగుతుంది, కాబట్టి చీలమండ దగ్గర కట్టుకోడానికి లేదు. ప్రార్థనలో మోకరిస్తే నడుం దగ్గర పొడుచుకొస్తుంది. ఇంటి దగ్గర పెట్టి రమ్మంటే గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి తెచ్చుకునేవారు. చొక్కా బయటికి వేసుకుని నడుముకి పెట్టుకోవడం మొదలుపెట్టారు. సండే స్కూల్లో కార్పెట్ వదిలి, గోడకి ఆనించిన ఇనప కుర్చీలో కూర్చున్నారు.

మొదటి ఆదివారమే షీబా వెళ్ళి ఆయన మోకాళ్ళ దగ్గర నిలబడి చేతులు చాపింది. ఆయన లేచి కుర్చీ వెనక్కి వెళ్ళిపోయారు.

"వై ఆర్ యూ సిట్టింగ్ అప్ దేర్, అంకుల్? కిందకి రా."

"మోకాళ్ళు నొప్పమ్మా. అక్కణ్ణుంచే విను."

"మీరు మా మమ్మీ కుట్టుమిషను లాగా స్మెల్ చేస్తున్నారు" అంది షీబా, తప్పుపట్టినట్టు. ఆయన యోనా కథే చెప్పారు గానీ, ఆ రోజు చేపని చేప అన్నారు.

ఆ మోకాళ్ళ మాట చర్చి అంతా పాకింది. ఆ తర్వాతి శనివారం ఆయన మోకాళ్ళ కోసం ప్రార్థన జరిగింది. కృపమ్మ గారు ఆవనూనెలో కర్పూరం కాచి తెచ్చారు. విక్టర్ అంకుల్ ఒక పట్టీ కొనిచ్చారు. ఆయన మోకాళ్ళకి ఏ జబ్బూ లేదు. అయినా కాదంటే బాగోదని కొన్ని నెలలు ఆ పట్టీ వేసుకుని, కుంటుతూ నడిచారు. నడుముకి తుపాకీ, మోకాలికి పట్టీ. అంత సాయుధుడైన మనిషి మా చర్చిలో మరొకరు లేరు. ఒళ్ళో మాత్రం ఎవరూ లేరు.

నాలుగేళ్ళ తర్వాత ఆయనకి ఒక ఆస్పత్రిలో పని దొరికింది. వీధి గుమ్మం లేని ఫార్మసీ. తుపాకీని అదే కొట్టుకి తిరిగి అమ్మేశారు. ఆ ఆదివారం బూట్లు విప్పి మళ్ళీ కార్పెట్ మీద కూర్చున్నారు. కొత్త పిల్లలు కొందరున్నారు. వాళ్ళకి ఆయన కుర్చీ అంకుల్, అంతే. మర్యాదగా ఎదురుగా వరసలో కూర్చున్నారు. షీబా తలుపు దగ్గర బబుల్ గమ్ నములుతూ, "హాయ్ అంకుల్" అని పెద్ద పిల్లల గదికి వెళ్ళిపోయింది. ఒళ్ళో కూర్చునే వయసు ఎవరి భయం తగ్గేదాకానూ ఆగదు. ఆయన చేతులు రెండూ కాసేపు ఒళ్ళో పెట్టుకుని, వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు చూసుకున్నారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు నేను డ్రైవ్ చేస్తున్నాను. అప్పటికి చదువు అయిపోయి వేరే ఇల్లు తీసుకున్నా, ఆదివారాలు ఆయన్ని నేనే తీసుకెళ్ళేవాణ్ణి. ఆయన ఉన్నట్టుండి, "వాడు నా పేరు చదివాడురా" అన్నారు.

"ఎవరు అంకుల్?"

"ఆ రోజు షాపుకొచ్చినవాడు. బిళ్ళలు సంచిలో వేసుకుని, నా కోటు మీద పేరు చూసి, థాంక్యూ మిస్టర్ దాస్ అన్నాడు." కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "నేను యూ ఆర్ వెల్కమ్ అన్నాను."

నేను కారు వేగం తగ్గించాను. 

"నవ్వు, ఫర్వాలేదు" అన్నారాయన. "వాడు కూడా నవ్వాడు. పిస్తోలుకి భయపడ్డం ఏముంది, అందరూ భయపడతారు. కానీ ఆ మాట అన్నానే! నేను మనస్ఫూర్తిగా అనే మాట అదొక్కటేరా. దాన్ని వాడికి కూడా ఇచ్చేశాను. ఇంకోసారి ఎవడైనా వస్తే ఆ మాట అనకుండా ఉండాలని గన్ కొన్నాను. అంతే."

"ఎవరికైనా చెప్పాల్సింది అంకుల్."

"ఎవరూ అడగలేదు కదరా. అందరూ తూటా ఎంత లావు అనే అడిగారు." ఆగి, "అడిగుంటే ఆ మర్నాడే చెప్పేసేవాణ్ణి. చెప్పేస్తే, కొనేవాణ్ణే కాదేమో" అన్నారు. ఇంటి ముందు దిగి, రైడ్ ఇచ్చినందుకు థాంక్యూ అన్నారు. నేను యూ ఆర్ వెల్కమ్ అన్నాను. ఆయన్ని చూసి అన్నాను.

ఆయన పోయి ఏడాది దాటింది. నిద్రలోనే, ఎవర్నీ లేపకుండా వెళ్ళిపోయారు. సంస్మరణ కూడికలో విక్టర్ అంకుల్ ఆయన వినయం గురించి చాలాసేపు మాట్లాడారు. ఆ వినయానికి ఆయనెంత చెల్లించారో ఆ గదిలో తెలిసింది నాకూ, తర్వాతెప్పుడో ఆయన చెప్పగా విన్న సుగుణ ఆంటీకీ మాత్రమే.

షాంటిలీ కొట్టులో మనిషి ఇంకా నా జవాబు కోసం చూస్తున్నాడు. తర్వాత వస్తానని చెప్పి బయటపడ్డాను. మర్నాడు లిండాని వెనక గదిలో కూర్చోబెట్టి, ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నాను. "పోలీసులకి చెప్పాను కదా" అంది. వాళ్ళకి వాడి గురించి చెప్పావు, నీ సంగతి చెప్పు అన్నాను. భోజనాల వేళ దాటిపోయేదాకా చెప్పింది. వాడి కత్తి గురించి రెండు ముక్కలే. మిగతాదంతా ఆమె సొంత విషయం కాబట్టి ఇక్కడ రాయను. చివర్లో, తుపాకీ వద్దు, తనకీ వచ్చేవాళ్ళకీ మధ్య ఏదైనా అడ్డం ఉంటే చాలంది. యజమాని గొణుక్కుంటూనే కౌంటర్‌కి మందపాటి ప్లాస్టిక్ అద్దం బిగించాడు, కింద మందు అందించడానికి ఒక సందు వదిలి. దాన్ని అమోనియా కలిసిన ద్రావకంతో తుడవకూడదు, మసకబారిపోయి అవతలి మొహం కనిపించదు. సబ్బునీళ్ళు చాలు.