మాట్లాడితే వచ్చే నొప్పి

పెళ్లికి ముందు నుంచీ నేను జనరల్ బజార్‌లో చీరల దుకాణంలోనే పనిచేస్తున్నాను. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని, చీర మడత విప్పి, కొంగు చూపిస్తూ మాట్లాడుతూ ఉండడమే నా పని. ఒకరోజు ఒకావిడకు గద్వాల చీర చూపిస్తూ, "ఈ అంచు చూడండక్కా" అన్నానో లేదో, ఎడమ దవడలో కరెంటు షాక్ కొట్టింది. చీర చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ భయపడి, "ఏమైందన్నా?" అంది. జవాబు చెబుదామని నోరు తెరిచేసరికి మళ్లీ కొట్టింది.

పన్ను అనుకున్నాం. చిలకలగూడలో మా ఇంటి దగ్గరి పళ్ల డాక్టరు ఒక దవడపన్ను పీకాడు. తగ్గలేదని పక్కదీ పీకాడు. అయినా పళ్లు తోముకుంటే వచ్చేది, ముఖం కడుక్కుంటే వచ్చేది. బండి మీద వెళ్తున్నప్పుడు చెంపకు గాలి తగిలినా వచ్చేది. ఎండాకాలంలో మఫ్లర్ చుట్టుకుని తిరిగాను. గడ్డం గీసుకోవడం మానేశాను. నమలడం కూడా కష్టమైపోయి, మా ఆవిడ మెత్తగా పిసికిన పప్పన్నం మింగి లేచేవాణ్ణి. కంచంలో సగం వదిలేస్తే ఆమె ఇంకో ముద్ద తినమనేది. నేను కసురుకునేవాణ్ణి.

చివరికి ఎవరో చెబితే నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ నా చెంప తాకబోతే కుర్చీతో సహా వెనక్కి జరిగాను. ఆవిడకు అక్కడే సగం అర్థమైపోయింది.

"పళ్లలో ఏమీ లేదండీ. ముఖంలో స్పర్శ తెలిపే నరం నుంచి వస్తున్న నొప్పి ఇది. పక్కనున్న రక్తనాళం ఆ నరాన్ని ఒత్తుతుండొచ్చు, స్కాన్ చేయిద్దాం. నేను రాసే మందు మూర్ఛకు ఇచ్చేదే, ఈ నొప్పికీ పనిచేస్తుంది. మీ అంతట మీరు పెంచొద్దు, ఒక్కసారిగా మానొద్దు."

మూర్ఛ అన్న మాటకు మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

స్కాన్‌లో ఆవిడ అన్నట్టే రక్తనాళం నరాన్ని ఒత్తుతోందని తేలింది. మందు పనిచేసింది. ఆ వారంలోనే ముఖం నిండా నీళ్లు చల్లుకున్నాను, గడ్డం గీసుకున్నాను. మా ఆవిడ సకినాలు తెచ్చి పెడితే రెండు వైపులా నమిలి తిన్నాను. ఆ చప్పుడు విని ఆమె నవ్వింది.

ఆ సుఖం ఎక్కువ కాలం నిలవలేదు. నొప్పి మళ్లీ మొదలైంది, డాక్టరమ్మ డోసు పెంచింది. కొన్నాళ్లకు మళ్లీ పెంచాల్సి వచ్చింది. అప్పుడు నొప్పి పూర్తిగా పోయింది గానీ, తల బరువెక్కింది. నడుస్తుంటే నేల మెత్తగా ఉన్నట్టుండేది. దుకాణంలో ఒకావిడ ఆవపువ్వు రంగు చీరకు ఆకుపచ్చ అంచు అడిగితే, అడిగిందేమిటో మరిచిపోయి చూపించిన చీరలే మళ్లీ చూపించాను. అల్మారా దగ్గరికి వెళ్దామని లేచి తూలిపడబోయాను.

"ఏందిరా, పొద్దుగాల్నే తాగొచ్చినవా?" అన్నాడు సేటు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆవిడ తన సంచి దగ్గరికి లాక్కుంది.

"గోలీ సేట్. ముఖం నొప్పికి ఏస్కునే గోలీ."

"సరే, పరేషాన్ గాకు. కొన్నిదినాలు లోపల స్టాక్ చూస్కో."

లోపలి గదిలో చీరలు లెక్కపెట్టి కట్టలు కట్టేవాణ్ణి. అక్కడ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. మొదట చిన్నతనంగా అనిపించింది. తర్వాత హాయిగా ఉంది. నిజం చెప్పాలంటే ఏమీ అనిపించడమే మానేసింది.

ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ చీర మార్చుకుని సిద్ధంగా కూర్చుని ఉంది.

"పోదామా?" అంది.

"ఎక్కడికి?"

"నిన్న చెప్పిన గద! కాప్రాల ఉన్న మా అక్కకు బాగలేదు, దవాఖానల చేర్పించిండ్రని. నువ్వు ఊఁ అన్నవు."

నాకు ఒక్క ముక్క కూడా గుర్తులేదు. అది ఆమెకు నా ముఖంలోనే తెలిసిపోయింది. "నొప్పి ఉన్నప్పుడు నా మీద కసురుకుంటుంటివి. ఇప్పుడు అది సుత లేదు. గోడతోని మాట్లాడినట్టున్నది నాకు."

"అయితే ఏం జెయ్యాలె? మళ్ల ఆ తక్లీఫ్ రావాల్నా నాకు?" అని అరిచాను. ఆమె ఒక్కతే ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

తర్వాత డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు, ఎలా ఉందని అడిగితే బాగుందన్నాను. వెంటనే మా ఆవిడ అందుకుంది. "నొప్పి లేదు మేడం. మనిషి సుత లేడు. తూలుతుండు, చెప్పింది యాదికుంటలేదు. దుకాణంల లోపల కూసోబెట్టిండ్రు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. నన్ను లేపి నడిపించి చూసి, అప్పటికప్పుడు రక్తపరీక్ష చేయించింది. మందు వల్ల నా రక్తంలో ఉప్పు బాగా పడిపోయింది. "ఇలా ఉంటే ముందే చెప్పాలి కదండీ. ఇంకాస్త పడిపోతే ప్రమాదం," అంది. డోసు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ఇంకో మందు కలిపింది. చెవి వెనక పుర్రె తెరిచి నరాన్నీ రక్తనాళాన్నీ వేరుచేసే ఆపరేషన్ ఉందని, ఆలోచించుకోమని చెప్పింది.

తిరిగి వస్తుంటే ఆటోలో మా ఆవిడ అడిగింది. "నేను చెప్పుడు తప్పా?"

"కాదు" అన్నాను. కానీ ఆ రోజంతా నాకు ఆమె మీద కోపంగానే ఉంది. నన్ను ఆ నొప్పి ముందుకు మళ్లీ నెట్టిందని కోపం. ప్రమాదం అన్న మాట నేనూ విన్నాను. అయినా కోపం పోలేదు.

డోసు తగ్గేకొద్దీ తల తేలికైంది. ఒక ఉదయం బ్రష్ నోట్లో పెట్టుకోగానే షాక్ కొట్టింది. సింక్ పట్టుకుని నిలబడిపోయాను. మా ఆవిడ వచ్చి, వీపు మీద చెయ్యి వేసింది.

ఇప్పుడు మళ్లీ పరుపు మీదే కూర్చుంటున్నాను. చీర పరిచి, రెండు మాటలు చెప్పి ఆగుతాను. షాక్ వస్తే తల వంచుకుని మడతలు సర్దుతున్నట్టు నటిస్తాను. మునుపటంత అమ్మలేకపోతున్నాను. సేటు చూస్తున్నాడు, ఇంకా ఏమీ అనలేదు. ఇంట్లో మా ఆవిడ ఏదైనా చెప్పే ముందు, "మాట్లాడుదమా?" అని అడుగుతుంది. ఒక్కోరోజు సరేనని తల ఊపుతాను, ఒక్కోరోజు వద్దని చెయ్యి అడ్డం పెడతాను. ఆపరేషన్ చేయించుకోమని ఆమె అంటోంది. తలలో కత్తి పెట్టించుకోవాలంటే నాకు భయం. ఇంకా ఏదీ తేల్చుకోలేదు.

మొన్న ఆదివారం కాప్రా వెళ్లాం. వాళ్లక్క కోలుకుంది. ఆమె మనవరాలు నా ఒళ్లోకెక్కి చెంప పట్టుకోబోతే గబుక్కున వెనక్కి జరిగాను. పిల్ల బెదిరి ఏడుపు అందుకుంది. "తాతకు నొప్పి బిడ్డా, నీ మీద కోపం కాదు," అంటూ మా ఆవిడ దాన్ని ఎత్తుకుని చెరువు చూపిస్తానని బయటికి తీసుకెళ్లింది. నేను లోపలే కూర్చుని, మధ్యాహ్నం వేసుకోవాల్సిన గోలీని నీళ్లతో మింగాను. కిటికీలోంచి వాళ్ల మాటలు కాసేపు వినిపించాయి.