చుక్కక్క, చివరి పిల్లర్

ఆఫీసులో అందరూ ఆమెను చుక్కక్క అంటారు. కొత్తగా చేరినవాళ్ళు ఆ పేరు విని కంగారుపడి, "పాపం, మందు అలవాటుందా?" అని పక్కవాళ్ళను గుసగుసగా అడుగుతారు. అలాంటిదేమీ లేదు. ఎవరు ఏ ఫైలు పట్టుకొచ్చినా ఆమె నోట ముందుగా వచ్చే మాట ఒకటే: "నీ సున్నా చుక్క ఎక్కడ పెట్టావు?" అడిగి అడిగి అదే పేరైపోయింది. మొదట్లో నవ్వేది. ఇప్పుడు నవ్వే ఓపిక లేక, పిలిస్తే పలుకుతోంది.

పెళ్ళికి ముందు ఆమె ట్రేసింగ్ కాగితాల మీద సిరాతో నక్షాలు గీసే పని చేసేది. తప్పు గీస్తే బ్లేడుతో గీకి సరిచేసేవారు. ఎంత నున్నగా గీకినా ఆ చోట కాగితం కాస్త గరుకు తేలి వేలికి తెలిసిపోయేది. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, నేర్చుకుంది. ఆ తర్వాత ఇంకేవో వచ్చాయి, అవీ నేర్చుకుంది. ఇప్పుడు ఆమె గీసేదంటూ ఏమీ లేదు. రోడ్డు వాళ్ళు, బ్రిడ్జి వాళ్ళు, మురుగు పైపుల వాళ్ళు ఎవరి సాఫ్ట్‌వేర్‌లో వాళ్ళు తయారుచేసి పంపిన మోడళ్ళను ఒక్కచోట చేర్చి, ఒకదానికొకటి అతికేలా చూడటమే పని. ముగ్గురు తోటికోడళ్ళను ఒకే వంటింట్లో నిలబెట్టడం లాంటిదని భర్తతో అంటుంటుంది. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. "నాదే నయం. పైకో, కిందికో. మూడో దారి లేదు" అంటాడు.

రోడ్డు వాళ్ళది నేలను నమ్ముకున్న లెక్క. ప్రతి చుక్కా భూమ్మీద అసలు ఎక్కడుందో, ఎప్పుడో సర్వే వాళ్ళు నిర్ణయించిన చోటు నుంచి తూర్పుకెంత, ఉత్తరానికెంత అని బారెడు బారెడు అంకెల్లో రాస్తారు. ఆ అంకెలు బ్రిడ్జి వాళ్ళ సాఫ్ట్‌వేర్‌కు అరగవు. గీతలు తెర మీద వణుకుతాయి. గుండ్రంగా ఉండాల్సిన పిల్లర్ ఎలుక కొరికిన బిళ్ళలా తయారవుతుంది. అందుకని బ్రిడ్జి వాళ్ళు తమ పక్కనే ఒక చుక్క పెట్టుకుని, అదే సున్నా అనుకుంటారు. పైగా వంతెన తెరకు అడ్డంగా, తిన్నగా కనబడాలని ఉత్తర దిక్కునే కాస్త తిప్పుకుంటారు. పని చేసుకున్నంతసేపూ హాయి. ఫైలు బయటికి పంపేటప్పుడు మాత్రం తీసేసిన దూరం మళ్ళీ కలపాలి, తిప్పిన దిక్కును మళ్ళీ వెనక్కి తిప్పాలి. దూరం కలపడం మరిచిపోతే వంతెన ఎక్కడో సముద్రంలో తేలుతుంది. ఆఫీసంతా చూసి నవ్వుతుంది, ఎవరో ఒకరు సరిచేస్తారు. దిక్కు దగ్గర పిసరంత తేడా వస్తే మాత్రం ఎవరి కంటికీ ఆనదు.

ఇంట్లో ఈ సంగతి అత్తగారికి కూడా కొంత తెలుసు. కోడలు చెప్పులు విప్పుతుండగానే, "ఏమ్మా, ఇవాళ మీ వంతెన ఎక్కడికి పోయింది?" అని అడిగేది.

"సముద్రంలోకి పోయింది అత్తయ్యా."

"తీసుకొచ్చావుగా మరి? కూర్చో, కూర్చో."

ఆ అత్తగారికి కంటి ఆపరేషన్ అయిన వారంలోనే రైలు పట్టాల మీదుగా వేసే ఫ్లైఓవర్ ఫైళ్ళు అప్పగించాల్సి వచ్చింది. గడువు రోజు, సాయంత్రం లోపల పంపాలి. బ్రిడ్జి ఇంజనీరు జ్వరంతో పడకేశాడు. అతను పంపిన మోడల్ తెరిస్తే వంతెన సున్నా దగ్గరే చతికిలబడి ఉంది. దూరమూ లేదు, దిక్కూ లేదు. ఫోన్ చేస్తే అతని భార్య ఎత్తి, నిద్రపోతున్నాడని చెప్పింది.

మేనేజరు ఆమె కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"అతను లేస్తే మళ్ళీ సరిగ్గా పంపమందాం సార్. రేపు ఇద్దాం" అంది.

"రేపంటే నా తల తీస్తారు మేడమ్. చేత్తో జరిపేయండి. మొదటి పిల్లర్ దగ్గర కలిస్తే చాలు, మిగతాది దానంతటదే కూర్చుంటుంది."

దానంతటదే కూర్చోదని ఆమెకు తెలుసు. కానీ ఆ పూట అత్తగారికి కంట్లో మందు వేయడానికి ఇంట్లో ఎవరూ లేరు. పిల్లకు పరీక్ష. ఆయన ఏదో ఆసుపత్రి లిఫ్టు ఆగిపోయిందని వెళ్ళాడు. వీపు నొప్పి మెడ దాకా పాకింది. మొదటి పిల్లర్‌ను దాని చోట కూర్చోబెట్టి, మిగతా వంతెనను రోడ్డు వెంట కంటి అంచనాతో తిప్పింది. పైనుంచి చూస్తే రెండూ ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టే ఉన్నాయి. దగ్గరికెళ్ళి చివరిదాకా చూద్దామనుకుంది. చూడలేదు. పంపేసి బ్యాగు తగిలించుకుంది.

కొన్ని వారాలకు పైపుల వాళ్ళు కొత్త మోడల్ ఇచ్చారు. కలిపి చూస్తే ఫ్లైఓవర్ చివర మురుగు పైపు సరాసరి పిల్లర్ పునాదిలోంచి దూరిపోతోంది. పైపుల వాళ్ళు తప్పు బ్రిడ్జి వాళ్ళదన్నారు. బ్రిడ్జి వాళ్ళు రోడ్డు వాళ్ళదన్నారు. ఆమె ఎవరితోనూ వాదించకుండా, తెర మీద ఒక్కో పిల్లరూ చూసుకుంటూ పోయింది. ఈ చివర పిల్లర్ సరిగ్గా ఉంది, ముందుకు పోయేకొద్దీ తేడా పెరుగుతోంది, ఆ చివరికి వెళ్ళేసరికి చిన్న గది వెడల్పంత అయింది. తిరుగుడులో తేడా. ఆ చేయి ఎవరిదో కూడా తెలిసిపోయింది. మంచినీళ్ళ సీసా మూత తీసి, తాగకుండానే మళ్ళీ పెట్టేసింది.

మేనేజరుకు చెబితే ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంకా తవ్వలేదుగా! కొత్త ఫైలు పంపేద్దాం. పాతదాని ఊసెత్తకండి."

సర్వేయరుకు ఫోన్ చేసింది. "ఆ చివర నేల మీద గుర్తులు పెట్టారా?"

"పెట్టాం అక్కా. పిల్లర్ ఒక షాపు మీద పడింది. గోడకి ఎర్ర రంగు వేసొచ్చాం. ఖాళీ చేయమని కూడా చెప్పేశారు. ఎందుకు?"

"రేపు నన్ను అక్కడికి తీసుకెళ్ళు."

అది ఫోటోలకు ఫ్రేములు కట్టే షాపు. గోడల నిండా ఖాళీ మేకులు. వాటి చుట్టూ, ఫ్రేములు వేలాడిన చోట, సున్నం కొత్తగా ఉంది. షాపు పెద్దాయన అద్దం పలకలకు పాత పేపర్లు చుడుతున్నాడు. సర్వేయరు, "డిజైన్ ఆఫీసు నుంచి మేడమ్ వచ్చారండీ" అనగానే, ఆయన చేతిపని ఆపకుండానే మొదలుపెట్టాడు.

"ఇంకొన్నాళ్ళు టైమివ్వండి. మోసే మనుషులు దొరకట్లేదు. అద్దమంటే బస్తా కాదుగా, ఎత్తి లారీలో పడేయడానికి."

"ఖాళీ చేయక్కర్లేదండీ. పిల్లర్ మీ షాపు మీదకి రాదు, రోడ్డు మధ్యలోనే వస్తుంది. మా దగ్గర పొరపాటు జరిగింది."

"ఎవరి పొరపాటు?"

సర్వేయరు పైకప్పు వైపు చూశాడు.

"నాదే" అంది.

ఆయన చేతిలోని అద్దాన్ని మెల్లగా కింద పెట్టాడు. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననీ అనిపించింది. నాలుగు తిట్లు తిని బస్సెక్కితే ఒక పనైపోతుంది. ఆయన తిట్టలేదు.

"ఒక్కసారి చూసుకోవాల్సిందమ్మా" అన్నాడు. "మా తమ్ముడి ఇంటి ముందు గది మాట్లాడుకున్నాను. మా ఆవిడ ముందే వెళ్ళి గది కడిగించింది. బోర్డు కూడా రాయించాం. ఇప్పుడు మళ్ళీ వెనక్కి వచ్చెయ్యమంటే నన్నేమనుకుంటుంది?"

ఆమె కింద పడ్డ పేపరు తీసి ఆయనకు అందించింది.

"పోనీ ఇక్కడే ఉన్నాననుకోండి. షాపు ముందు తవ్వరా?"

"తవ్వుతారండీ. పని అయ్యేదాకా దుమ్ము, అడ్డంగా రేకులు. జనం రావడం కష్టమే."

"అది మాత్రం నిజం చెప్పారు." ఆయన కండువాతో స్టూలు దులిపి ఆమె ముందుకు తోశాడు. "కూర్చోండి. ఎండన పడి వచ్చారు. మంచినీళ్ళు తాగుతారా?"

ఆమె గ్లాసు ఖాళీ చేసే లేచింది.

ఆఫీసుకు రాగానే, జరిగింది జరిగినట్టు రాసి ఫ్లైఓవర్ కట్టిస్తున్న వాళ్ళకు పంపింది, మేనేజరుకు కూడా. చేత్తో జరపమన్నది ఎవరో అందులో రాయలేదు. చెప్పిన నోరు ఆయనదైనా చేసిన చేయి తనదేగా అనుకుంది. వాళ్ళు మేనేజరుకు గడ్డి పెట్టారు. ఆయన వచ్చి, "మీ నిజాయితీకో దండం మేడమ్. తెచ్చి నా పీకకు చుట్టారు" అని, ఆ తర్వాత చాలా రోజులు ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఏం కావాలన్నా పక్క సీటు వాళ్ళతో చెప్పించేవాడు. ఆ ఏడు జీతం పెరగలేదు. అందుకు ఆమె పెద్దగా బాధపడలేదు. బాధపడటానికీ కొంచెం తీరిక కావాలి.

ఒక పద్ధతి మాత్రం పెట్టించింది. నేల మీద ఫ్లైఓవర్ ఈ చివర, ఆ చివర, నడుమ సర్వేయరు చేత గుర్తులు పాతించింది. ఎవరు ఏ మోడల్ పంపినా అందులో ఆ చుక్కలుండాలి. అవి ఒకదాని మీద ఒకటి పడితేనే ఫైలు తీసుకుంటానంది. ఒక చివర కలిస్తే చాలదు.

అప్పట్లో జ్వరంతో పడకేసిన బ్రిడ్జి ఇంజనీరు గొణిగాడు. "అక్కా, వంతెన గీయడం కంటే ఈ చుక్కలకే ఎక్కువ టైమవుతోంది."

"అవనీ నాన్నా. పెట్టు."

కొన్నాళ్ళు పెట్టారు. తర్వాత ఒకరు మరిచిపోయారు, ఇంకొకరు తొందరలో ఉన్నామన్నారు. ఆమె మళ్ళీ సీటు సీటుకూ వెళ్ళి అడగడం మొదలుపెట్టింది. చెప్పి చెప్పి నాలుక ఎండిపోతోందని ఇంట్లో అంటే, అత్తగారు నల్ల కళ్ళద్దాల వెనకనుంచి, "మానెయ్యమ్మా, వంతెనలు వాటంతటవే పెరుగుతాయేమో చూద్దాం" అంది. కోడలు చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది.

ఫ్రేముల పెద్దాయన ఉండలేదు. సర్వేయరే ఫోన్‌లో వేరే ఏదో మాట్లాడుతూ మధ్యలో చెప్పాడు. "ఆయన వెళ్ళిపోయాడక్కా. షాపు ఉన్నా, వాళ్ళావిడ ఇక రానందట."

"సామానంతా జాగ్రత్తగా చేరిందా?"

"అది అడగలేదక్కా."

ఆమె అడగాల్సిన పైపు కొలతలు అడిగి ఫోన్ పెట్టేసింది. ఆ రోజంతా పని చేసింది. ఏం చేసిందో సాయంత్రానికి గుర్తులేదు.

ఫ్లైఓవర్ మీద బస్సులు తిరగడం మొదలైన తర్వాత ఒక ఆదివారం భర్తతో కలిసి చుట్టాలింటికి బయలుదేరింది. చివరి పిల్లర్ పక్కన ఆ షాపు కనబడేలా కావాలని కిటికీ సీటు అడిగింది. ఆయన లేచి చోటిచ్చాడు. బస్సు ఎత్తు ఎక్కుతుండగా గాలి మొహానికి కొట్టింది. కళ్ళు ఒక్క క్షణం మూసుకుంది.

తెరిచేసరికి ఆయన ఆమె తలను భుజం మీద ఆనించుకుని, కదలకుండా బిగుసుకుని కూర్చున్నాడు. బయట ఏదో మార్కెట్ వీధి.

"దాటేశామా?"

"ఎప్పుడో. లేపుదామనుకున్నాను. గురక పెడుతుంటే మనసొప్పలేదు."

"నేను గురక పెట్టను."

"సరే, పక్క బస్సేమో."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఇళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. "పోన్లే, మొత్తానికి దాటాం కదా" అని మళ్ళీ ఆయన భుజానికి తల ఆనించింది.