నీళ్ళు కారని లారీ

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే షెడ్లు చాలానే ఉన్నాయి కానీ, మొహం మీద కాదని చెప్పలేని మేస్త్రీ మాత్రం బాజీ ఒక్కడే. కంపెనీ నుంచి ఇంజనూ చక్రాలూ తప్ప ఏమీ లేని బోడి బండి వస్తుంది. దానికి చెక్కతో తొట్టి బిగించి, డ్రైవరు కూర్చునే కేబిన్ కట్టి, రంగులేసి రోడ్డెక్కించడం అతని పని. పనితనం గట్టిది, మాట మెత్తన. ఆ మెత్తదనమే అతని తలనొప్పులన్నిటికీ మూలం.

పేచీకోరు అని తెలిసిన పార్టీ ఎవరైనా వస్తే, "మా వల్ల కాదండీ" అనడానికి అతనికి నోరు రాదు. అందుకని ఎస్టిమేటు రెట్టింపు చెప్పేవాడు. వచ్చినవాళ్ళు ఒకసారి దగ్గి, "ఇంట్లో అనుకుని వస్తామండీ" అని లేచేవాళ్ళు. ఎవరి మనసూ నొచ్చుకునేది కాదు.

"ఏదో ఒకరోజు ఆ రేటుకి ఎవరో సరేనంటారు. అప్పుడు చూడాలి మీ సంబడం," అనేది అతని భార్య ఫిర్దౌస్.

తొంభై ఏడు వేసవిలో ఆమె అన్నంతా అయింది. పామర్రు నుంచి రత్తయ్య అనే రైతు కొత్త బండితో దిగాడు. ధాన్యం మిల్లులకు తోలే వ్యాపారం ఆయనది. అంతకుముందే నాలుగు షెడ్లవాళ్ళు దండం పెట్టి పంపేశారని బాజీకి కబురు అందింది.

"నా పాత బండిలో చెక్కల సందుల్లోంచి వడ్లు కారిపోయేవయ్యా. కంకిపాడు దాటేసరికి కాకులు బారులు తీరి వెనకాల వచ్చేయి. అందుకని ఈసారి నీళ్ళు పోసినా చుక్క కారకూడదు. అట్టా కట్టగలవా?" అన్నాడు రత్తయ్య.

లారీలో నీళ్ళేమిటని పనివాళ్ళు మొహాలు చూసుకున్నారు. బాజీ గడ్డం గోక్కుని, అలవాటు ప్రకారం రెట్టింపు చెప్పాడు.

"సరే, మొదలెట్టు," అన్నాడు రత్తయ్య, క్షణం ఆలోచించకుండా.

ఆ రోజు బాజీకి అన్నం సహించలేదు. ఫిర్దౌస్ మాత్రం పమిట అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. నవ్వి నవ్వి ఆమే దారి చూపించింది: "పడవలోకి నీళ్ళు రాకుండా కట్టేవాళ్ళు లేరా? లోపలికి రానివ్వనివాళ్ళకి బయటికి పోకుండా కట్టడం రాదా ఏంటి?"

బాజీ మర్నాడే బందరు బస్సెక్కాడు. అక్కడ పుల్లయ్య అని పడవలు చేసే వడ్రంగి దొరికాడు. సంగతి విని పుల్లయ్య, "లారీని ఏట్లో దింపుతారా ఏంటండీ?" అని అడిగాడు. దింపరని ఒట్టేసి చెప్పాక బయలుదేరాడు. నూనెలో నానిన నూలును చెక్కల సందుల్లోకి ఉలితో దట్టించి, పైన గుగ్గిలం కరిగించి పూయడం అతని విద్య. అది నిదానం మీద సాగే పని.

రత్తయ్యకు నిదానం లేదు. పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చి, షెడ్డు మధ్యలో కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. జేబులోంచి వడ్లగింజ తీసి సందు సందునా దూర్చి చూసేవాడు. కేబిన్ ఎత్తు పెంచమనేవాడు, మర్నాడు తగ్గించమనేవాడు. పనివాళ్ళు సుత్తులు కింద పడేసే దాకా వచ్చింది.

బాజీ గొంతు పెంచలేదు. ఏ మార్పు చెప్పినా, "తప్పకుండా చేద్దామండీ, బండి ఇంకో రెండ్రోజులు ఆలస్యమవుద్ది, అంతే," అనేవాడు. కోతలు దగ్గర పడుతున్న రైతుకి ఆ మాట చాలు. తర్వాత ఒక సుద్దముక్క ఆయన చేతిలో పెట్టి, "మీ కన్ను మా కళ్ళకంటే చురుకండీ. ఎక్కడ సందు కనపడితే అక్కడ గీత పెట్టండి, పుల్లయ్య పూడుస్తాడు," అన్నాడు. అప్పటిదాకా పేచీలు పెట్టిన మనిషి మోకాళ్ళ మీద పాకుతూ గీతలు పెట్టడం మొదలెట్టాడు. సాయంత్రానికి పుల్లయ్యా ఆయనా ఒకే చుట్ట పంచుకుంటున్నారు.

పరీక్ష రోజున ఆటోనగర్ సగం అక్కడే ఉంది. ట్యాంకరు తెప్పించి తొట్టిలో మోకాలి లోతు నీళ్ళు పెట్టారు. రత్తయ్య పంచె ఎగ్గట్టి బండి కిందికి దూరాడు. చాలాసేపటికి బయటికొచ్చి, పొడి చేతులు పైకెత్తి చూపించాడు. జనం ఈలలు వేశారు. లెక్క చూసుకుంటే, పుల్లయ్య కూలీ, నూలూ, గుగ్గిలం, ఆలస్యం అన్నీ కలిసి, వదిలించుకోడానికి చెప్పిన రేటు న్యాయమైన రేటుగానే తేలింది. బాజీ బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఊపిరి వానాకాలం దాకానే. ఒకరోజు షెడ్డు ముందు అదే లారీ ఆగింది. ఆగుతూనే తొట్టిలోంచి బళ్ళున నీళ్ళు తొణికి రోడ్డు మీద పడ్డాయి.

"ఏంటయ్యా బాజీ ఇది! రాత్రి వాన పడితే నిండిపోయింది. నీళ్ళు ఎటూ పోవే! మా గేదెలు తలలు పెట్టి తాగుతున్నాయి. నువ్వు నమ్మవని ఇట్టాగే తోలుకొచ్చా," అన్నాడు రత్తయ్య.

"చుక్క కారకూడదన్నది మీరేగా అండీ," అన్నాడు బాజీ నెమ్మదిగా.

"నేనంటే మాత్రం? కన్నం ఉండాలని నువ్వు చెప్పొద్దూ?"

అదీ నిజమే. ఇద్దరికీ తట్టలేదు. ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు. అడుగున రెండు కన్నాలు తొలిచి, బిరడాలు బిగిస్తానన్నాడు బాజీ.

అంతలో మోటారు సైకిలు మీద ఒకాయన రొప్పుతూ వచ్చి ఆగాడు. బట్టలు తడిసి ముద్దయ్యాయి. "కంకిపాడు నుంచీ ఈ బండి వెనకే వస్తున్నానండీ. నన్ను తడిపితే తడిపింది గానీ, దీన్ని కట్టిందెవరు?" అన్నాడు. ఆయన పేరు మాణిక్యం. కైకలూరు దగ్గర చెరువులకు చేపపిల్లల్ని సరఫరా చేస్తాడు. లారీలో టార్పాలిన్ పరిచి, నీళ్ళు పోసి తోలుతుంటే, టార్పాలిన్ చిరిగినప్పుడల్లా దారిలోనే నీళ్ళు పోయి పిల్లలు చచ్చిపోతున్నాయట. "నాకు ఇట్టాంటివి రెండు కావాలి. ఎంతవుద్దో చెప్పండి."

మొదటిసారి బాజీ నోట ఎస్టిమేటు రాలేదు. ఎక్కువ చెబుదామంటే మంచి పని పోతుంది, తక్కువ చెబుదామంటే ధైర్యం చాలదు. రత్తయ్య అడ్డం వచ్చాడు. "నాకు చెప్పిన రేటే. పైసా తగ్గడు. పడవ మేస్త్రీ చేసే పనండీ అది, మాటలా?" అన్నాడు, గుత్తేదారు తనే అయినట్టు. మాణిక్యం బేరమాడబోతే బండి కిందికి లాక్కెళ్ళి సందులు చూపించాడు.

తర్వాత నాలుగైదేళ్ళపాటు కైకలూరు వైపు నుంచి బాజీ షెడ్డుకి చేపల బళ్ళు వస్తూనే ఉన్నాయి. పుల్లయ్య బందరు వదిలి, షెడ్డుకి దగ్గరని పటమటలో అద్దెకి దిగాడు. రెట్టింపు చెప్పే అలవాటు బాజీకి పూర్తిగా పోలేదు గానీ, చెప్పేముందు ఎదుటి మనిషి మొహం ఒకటికి రెండుసార్లు చూసుకునేవాడు. రత్తయ్య పామర్రు నుంచి వచ్చినప్పుడల్లా తన కుర్చీ తనే వేసుకుని, ఎవరి బండి కడుతున్నా సరే సందులు వెతికేవాడు. కొత్త పార్టీలు ఆయనే ఓనరనుకుని నమస్కారం పెట్టేవాళ్ళు. ఆయన కాదనేవాడు కాదు, బాజీ కూడా కాదనేవాడు కాదు.