లక్ష్మీపతి రాయించిన అసలు ధర

ఏషియన్ క్రీడల కోసం ఢిల్లీని ఎక్కడపడితే అక్కడ తవ్విపోస్తున్న రోజుల్లో లక్ష్మీపతి ఒక తప్పు చేశాడు. ఢిల్లీ పొలిమేర దాటి హర్యానాలో అడుగు పెట్టగానే తగిలే శాంతికుంజ్ అనే కాలనీలో ఇంటి స్థలం కొని, తాను ఎంత ఇచ్చాడో అంతే దస్తావేజులో రాయించాడు.

అందులో తప్పేముందని అడిగే అమాయకులు ఇంకా ఎవరైనా మిగిలుంటే వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఆ చుట్టుపక్కల స్థలం కొనేవాళ్లు ఇచ్చిన ధరలో సగమే కాగితం మీద చూపించి, మిగతా సగం సంచీలో పెట్టి చేతికివ్వడం ఆనవాయితీ. స్టాంపు సుంకం రాసిన ధరను బట్టి పడుతుంది కనుక, రాసింది తగ్గితే సుంకమూ తగ్గుతుంది. ఈ సంగతి కొన్నవాడికీ, అమ్మినవాడికీ, పత్రం రాసినవాడికీ, రిజిస్టరు చేసినవాడికీ తెలుసు. తెలిసినట్టు ఎవరూ పైకి అనరు. అంతమంది కలిసి ఎంతో మర్యాదగా నడుపుకుంటున్న వ్యవహారంలో లక్ష్మీపతి వెళ్లి వేలు పెట్టాడు.

అతనిది తెనాలి దగ్గర ఊరు. కేంద్ర ప్రభుత్వంలో ఒక అకౌంట్ల ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటు దాకా వచ్చాడు. వెళ్లని ఊరికి వెళ్లామని టీఏ బిల్లులు పెట్టేవాళ్లను పట్టుకుని, ఆ అంకె చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టడమే పాతికేళ్లుగా అతని ఉద్యోగం. అలాంటి మనిషి సగం ధర కింద సంతకం ఎలా పెడతాడు? అమ్మిన సుబేదారు సైన్యంలో పని ముగించుకుని సొంతూరు వెళ్లిపోతున్నవాడు కాబట్టి, ఎంత రాస్తే నాకేమన్నాడు. తహసీలు కచేరీ బయట రేకు పందిరి కింద కూర్చుని పత్రాలు రాసే ముసలాయన మాత్రం కలం కిందపెట్టి, అంకె మళ్లీ చెప్పమన్నాడు. విన్నాక లక్ష్మీపతి వంక ఒక రకమైన గౌరవంతో చూశాడు.

"బాబూజీ, కాగితం మీదే ఇంత రాయిస్తున్నారంటే, లోపల ఎంత ఇచ్చారో!"

లక్ష్మీపతికి అక్కడే అర్థం కావలసింది. కాలేదు.

కచేరీ లెక్కా అచ్చంగా అదే. లోకమంతా సగం రాస్తుంది కాబట్టి, రాసినదానికి రెట్టింపు అసలు ధర. ఇతను రాసిందే ఇంత ఉంటే అసలు ధర ఇంకెంత ఉండాలి? దస్తావేజు రిజిస్టరు చేశారు గానీ, అసలు కాగితాన్ని చేతికివ్వకుండా, ధర తగ్గించి చూపించిన పత్రమని కలెక్టరు ఆఫీసుకు పంపించారు. సగం రాసినవాళ్లందరూ సుఖంగా ఇళ్లకు వెళ్లారు. మొత్తం రాసినవాడి మీద సుంకం ఎగ్గొట్టాడని కేసు పెట్టారు.

ఇంటి దగ్గర భార్య సీతారత్నం ఈ కథ విని ఏమీ అనలేదు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆమె సర్కారు క్వార్టర్లలోనే ఉంది. గోడకు మేకు కొట్టాలన్నా అర్జీ పెట్టుకోవాలి. కరివేపాకు మొక్కను డాల్డా డబ్బాలో పెంచి, క్వార్టరు మారినప్పుడల్లా దాన్ని రిక్షాలో ఒళ్లో పెట్టుకుని మోసుకెళ్లింది. ఢిల్లీ రామకృష్ణాపురంలో ఉన్న ఈ క్వార్టరు కూడా లక్ష్మీపతి రిటైరయ్యేదాకానే. అదెంతో దూరం లేదు. ఆలోగా శాంతికుంజ్‌లో ఇల్లు లేవకపోతే సామాను రోడ్డు మీద పెట్టుకోవాలి. ఇల్లు లేవాలంటే ప్లాను పాసవ్వాలి, ప్లాను పాసవ్వాలంటే దస్తావేజు చూపించాలి. అసలు కాగితం కలెక్టరు ఆఫీసులో చిక్కుకుపోయింది గనుక, కచేరీ మొహరు వేసి ఇచ్చే నకలే ఇక దిక్కు.

నకలు కోసం లక్ష్మీపతి సెలవు పెట్టినప్పుడల్లా ధౌలా కువాన్‌లో హర్యానా బస్సు పట్టుకునేవాడు. బస్సులో పాలక్యాన్ల మధ్య ఒంటికాలి మీద నిలబడి, తహసీలు కచేరీ చేరి, నకళ్లు ఇచ్చే గది ముందు వరసలో నిలబడేవాడు. అక్కడి గుమాస్తా రామ్‌ఫల్ మంచివాడే. ప్రతిసారీ టీ ఇప్పించి, ప్రతిసారీ దస్తావేజులు ఎక్కించే రిజిస్టరు పుస్తకం ఇక్కడ లేదనేవాడు. పుస్తకం కలెక్టరు ఆఫీసుకు వెళ్లిందట. ఎందుకు వెళ్లిందంటే, లక్ష్మీపతి వల్లే వెళ్లింది.

అతని దస్తావేజు చూశాక పైవాళ్లకు హఠాత్తుగా జ్ఞానోదయమైంది. శాంతికుంజ్‌లో గజం ధర ఇంతయితే పక్కవాళ్లు సగానికి ఎలా కొన్నారు? వెంటనే ఆ కాలనీలో ఈమధ్య స్థలాలు కొన్న ప్రతివాడికీ తక్కువ పడిన సుంకం కట్టమని నోటీసులు వెళ్లాయి. ఎవరీ మహానుభావుడని కాలనీ అంతా తహసీలుకు పరుగెత్తింది. రుసుము కట్టి అడిగితే ఎవరి దస్తావేజు నకలైనా ఎవరికైనా ఇస్తారు. ఈ విచారణ కోసం పుస్తకం కలెక్టరు ఆఫీసుకు కదలకముందే అందరూ తలా ఒకటి తీసుకున్నారు. ఆ విధంగా లక్ష్మీపతి దస్తావేజు నకలు శాంతికుంజ్‌లో ఇంటింటికీ చేరింది, లక్ష్మీపతికి తప్ప.

ఇదంతా అతనికి చెప్పినవాడు మల్హోత్రా. ఇనుప సామాన్ల వ్యాపారి. లక్ష్మీపతి స్థలం పక్కనే రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. ఒక ఆదివారం బర్ఫీ డబ్బాతో క్వార్టరు వెతుక్కుంటూ వచ్చి, సీతారత్నాన్ని భాభీజీ అని పలకరించి, జేబులోంచి మడత విప్పి ఆ నకలు బల్ల మీద పెట్టాడు. పదిమందికి నోటీసులు తెప్పించిన మనిషి ఇంటికి మిఠాయి తేవడం ఏమిటో లక్ష్మీపతికి అర్థం కాలేదు.

"లక్ష్మీపతి సాబ్, మీరు మద్రాసీ మనుషులు. ఇక్కడి రేటు మీకేం తెలుస్తుంది? తెలియక రెట్టింపు ఇచ్చేశానని విచారణలో ఒక్క మాట చెప్పండి. మా నోటీసులూ పోతాయి, మీ కేసూ పోతుంది. మీకు నకలు కావాలి కదా, ఇదిగో, మీదే అనుకోండి."

మాట మాత్రం సబబుగానే ఉంది. స్థలం విలువకు రెట్టింపు ఇచ్చినవాడు ధర తగ్గించి చూపాడని ఎవరూ అనలేరు. లక్ష్మీపతి ఆలోచించి చెబుతానన్నాడు. మల్హోత్రా సరేనని నకలును మళ్లీ జేబులో పెట్టుకుని, బర్ఫీ మాత్రం వదిలి వెళ్లాడు. తలుపు మూశాక సీతారత్నం అప్పటిదాకా దాచుకున్న మాట అంది.

"మీ నిజాయితీని పాతికేళ్లు నేనే ఇస్త్రీ చేసి ఆఫీసుకి పంపానండీ. ఒక్కరోజు తెలివితక్కువవాణ్ణని చెబితే ఏం పోద్ది? నాకు ఇల్లు కావాలి."

"అది అబద్ధం కదే. రేటు నాకు తెలుసు."

"తెలుసని ఎవరడిగారు మిమ్మల్ని?" అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ పూట లక్ష్మీపతికి అన్నం సహించలేదు. ఎవరెన్నన్నా పట్టించుకోనివాడు, ఆమె గొంతులో అలసట విని భయపడ్డాడు. అబద్ధం చెప్పేద్దామనే నిర్ణయించుకున్నాడు.

విచారణ రోజు బస్సులో దారి పొడుగునా ఆ అబద్ధాన్ని హిందీలో వల్లె వేసుకున్నాడు. గదిలో మల్హోత్రా, కాలనీవాళ్లు గోడ పొడుగునా నిలబడి ఉన్నారు. విచారించే అధికారి దస్తావేజు తిప్పి చూసి, కొనేటప్పుడు అక్కడి ధర తమకు తెలుసా అని అడిగాడు. లక్ష్మీపతి నోరు తెరిచాడు. పాతికేళ్లుగా ఇంకోరకంగా అలవాటు పడిన నోరది.

"తెలుసు సార్. కొనేముందు ఇల్లిల్లూ తిరిగి అడిగాను. అందరూ అంతే ఇచ్చారు."

గోడ దగ్గర మల్హోత్రా తల పట్టుకున్నాడు. అధికారి కళ్లద్దాలు తీసి అతన్ని పరీక్షగా చూశాడు. సగం రాస్తే సుంకం కలిసొస్తుందని తెలుసా అంటే, తెలుసన్నాడు. మరి మొత్తం ధర ఎందుకు రాయించారంటే, లక్ష్మీపతికి ఆ ప్రశ్నే బోధపడలేదు.

"ఇచ్చింది అంతే కదా సార్."

అధికారి కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత స్టెనోను పిలిచి తీర్పు చెప్పాడు. ఈ కొనుగోలుదారు లౌకిక వ్యవహారం బొత్తిగా తెలియని వ్యక్తి అని అతని మాటల వల్లే రుజువవుతోంది. అటువంటి వ్యక్తి ఇచ్చిన ధరను గానీ, చెప్పిన ధరను గానీ బుద్ధి గల ఇతరులకు కొలతగా పెట్టుకోవడం న్యాయం కాదు. కనుక మిగతావారి నోటీసులు రద్దు. ఇతను దేన్నైనా దాచగల మనిషి అని నమ్మడమూ కష్టమే కనుక ఇతని మీద కేసు కూడా రద్దు, అసలు దస్తావేజు వాపసు ఇవ్వాలి.

మల్హోత్రా వచ్చి అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. వరండాలో ఎవరో పగలబడి నవ్వారు. నిజం చెప్పినందుకు నష్టపోవడానికి లక్ష్మీపతి సిద్ధపడే ఉన్నాడు గానీ, నిజం చెప్పినందుకు పిచ్చివాడని వదిలేస్తారని అనుకోలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంటికొచ్చి దస్తావేజు సీతారత్నం చేతికిచ్చి, జరిగింది దాచకుండా చెప్పాడు. ఆమె దాన్ని దేవుడి పటం ముందు పెట్టి, ముందు అన్నం తినమంది.

ఆ తీర్పుకు శాంతికుంజ్‌లో మంచి గిరాకీ వచ్చింది. నోటీసు వచ్చిన ప్రతివాడూ దాని నకలు తీసుకుని భద్రపరుచుకున్నాడు. తర్వాత స్థలాలు కొన్నవాళ్లు కూడా సగం ధరే రాసుకుని, అడిగితే చూపించడానికి ఒక నకలు దగ్గర పెట్టుకునేవారు. రామ్‌ఫల్‌కు అందులో వాక్యాలు కంఠతా వచ్చాయట.

లక్ష్మీపతి రిటైరయ్యేనాటికి ఇల్లు లేచింది. సీతారత్నం అన్ని గోడలకూ మేకులు కొట్టించింది. కరివేపాకు డాల్డా డబ్బాలోంచి నేలలోకి దిగి, మల్హోత్రా గోడ మీదికి కొమ్మలు చాచింది.

ఒక చలికాలం మల్హోత్రా కంటి ఆపరేషన్ కోసం కూతురి ఊరు బయల్దేరాడు. వెళ్లే ముందు ఒక కవరుతో వచ్చాడు. తన ఇంటి అసలు దస్తావేజు తను వచ్చేదాకా వీళ్ల దగ్గర ఉంచమన్నాడు. ఇంట్లో తమ్ముళ్లున్నారు కదా అంటే, ఉన్నారు కాబట్టే తెచ్చానన్నాడు. కాలనీలో ఇంకెవరి గుమ్మం ఎక్కడానికీ మనసొప్పలేదట. లక్ష్మీపతి కవరు విప్పి పత్రం మొత్తం చదివాడు. ధర ఉన్న చోట అతని చూపు ఒక్క క్షణం ఆగింది. పత్రాన్ని మడిచి, ముట్టినట్టు రసీదు రాయడానికి కాగితం, కలం తీశాడు.

మల్హోత్రా అతని చేయి పట్టుకుని ఆపాడు.

"రసీదు నాకెందుకు లక్ష్మీపతి సాబ్? మీరెలాంటి మనిషో సర్కారు మొహరు వేసి రాసిచ్చింది. నా బీరువాలో ఆ తీర్పు నకలుంది."