చెన్నమ్మ వేసిన కుట్లు

తెల్లాపూర్ పాత ఊళ్ళో మా ఎదురిల్లు సత్తెమ్మది. పాత చీరలు పొరలుగా పరచి, సూదీ దారంతో కుట్టుకుంటూ పోతే బొంత అవుతుందని అందరికీ తెలుసు. సత్తెమ్మ కుడితే మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. ఆ సంగతి మాకంటే ఆమెకే బాగా తెలుసు. ఎవరింటికి వెళ్ళినా మంచం మీది బొంత అంచు తిరగేసి చూడందే మంచినీళ్ళయినా ముట్టదు. చూసి ఊరుకున్నా బాగుండేది. "ఎవరు కుట్టిన్రు గిది? కండ్లు మూసుకొని కుట్టిన్రా ఏంది?" అని మొహం మీదే అడుగుతుంది. ఆ మాటకు మా తోడికోడలు ఇప్పటికీ ఆమెతో మాట్లాడదు.

సత్తెమ్మ పుట్టింది ఇక్కడికి దగ్గర్లోని రాయదుర్గంలో. ఇవాళ అద్దాల ఆఫీసులున్న చోట వాళ్ళ నాయన జొన్నలు వేసేవాడట. ఆ కథ చెప్పమంటే విసుక్కుంటుంది. "పోయింది పోయింది. ఇగ ఎన్నిసార్లు చెప్పాలె?" అంటుంది. పొలం గురించి ఇంత తేలిగ్గా మాట్లాడే మనిషి, కుట్టు ఒక్క గింజంత పక్కకు పోతే మాత్రం ఆ పూట అన్నం తినదు.

నడుమ కొన్నేళ్ళు బొంతలు అడిగేవాళ్ళే లేకపోయారు. మళ్ళీ ఈ మధ్య పసిపిల్లలకు మెత్తగా ఉంటుందని పెద్ద పెద్ద గేటెడ్ కమ్యూనిటీల వాళ్ళు వెతుక్కుంటూ వస్తున్నారు. అలాంటి ఒక కమ్యూనిటీలో తోటపని చేసే రామచంద్రం, అంటే సత్తెమ్మ పెనిమిటి, అక్కడుండే మౌనికకు భార్య పనితనం గురించి చెప్పాడు. మౌనికది అనంతపురం వైపు. ఉద్యోగం ఇక్కడి రాయదుర్గం అద్దాల ఆఫీసుల్లో. నెలలు నిండుతున్న కడుపుతో, చేతిలో ఒక మూటతో ఆటో దిగింది.

"పెద్దమ్మా, ఇది మా అమ్మ మొదలుపెట్టింది. నాకు పెండ్లయిన ఏడాదే, పుట్టబోయే బిడ్డకని. అంతలోనే జబ్బుపడె. సగం కూడా కాలేదు," అంది. "అమ్మ పోయినాంక ఈ మూట నేనెప్పుడూ విప్పలేదు. చూస్తే ఏడుపొస్తాదని భయం. ఏండ్ల తరబడి అటక మీదే పెట్టినా. నువ్వే పూర్తి చేసి, ఉతికి ఇయ్యాల. బాగా కుట్టియ్యి, అంతే."

"నా చేతుల పడ్డంక నీకు ఫికరెందుకు బిడ్డా?" అంది సత్తెమ్మ.

మౌనిక వెళ్ళగానే మూట విప్పింది. మౌనిక వాళ్ళమ్మ చెన్నమ్మ నూలు చీరలు. పైన చిలకాకుపచ్చది, దాని మీద ఎర్రదారం. కుట్టు అంచున మొదలై చుట్టూ తిరుగుతూ నడుమ దాకా రావాలి. చెన్నమ్మ కొన్ని చుట్లు తిరిగి ఆగిపోయింది. ఆ కుట్లు చూసి సత్తెమ్మ మొహం చిట్లించింది. ఒకచోట పైకి ఎక్కాయి, ఇంకోచోట జారాయి, ఒక మూలనయితే రెండు కుట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మొదటి వరస వంకరైతే దాన్ని పట్టుకుని వచ్చే వరసలన్నీ నడుమ దాకా వంకరే. అలాంటి బొంత తన చేతి మీదుగా బయటికి పోవడమా? సత్తెమ్మ కత్తెర తీసుకుని విప్పడం మొదలుపెట్టింది.

"ఎందుకిప్పుతున్నవే? కుట్టినామె ఎట్లనో కుట్టింది, ఉండనియ్యరాదూ?" అన్నాడు రామచంద్రం.

"నీకేం తెలుసు? పోయి నీ మొక్కలకు నీళ్ళు వట్టు."

ఒక్క కుట్టు కూడా మిగలకుండా విప్పింది. ఊడిన ఎర్రదారమంతా ఉండ చుట్టి చెత్తబండిలో వేసింది. అలాంటి ఎర్రదారమే కొనుక్కొచ్చి, అంచు నుంచి మళ్ళీ మొదలుపెట్టి నడుమ దాకా తీర్చిదిద్దినట్టు కుట్టింది. పూర్తయ్యాక నన్ను పిలిచి మరీ చూపించింది. నేను కూడా ఆహా అన్నాను. నా బుద్ధి కూడా అంతే.

ఆ మర్నాడే మౌనిక ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, అమ్మ కుట్టిండేది యాడి దాకా వచ్చింది? అక్కడేదైనా గుర్తు పెడతావా? బిడ్డ పుట్టినాంక, ఇదిగో మీ అవ్వ చేయి ఇక్కడి దాకా వచ్చింది అని చూపించాల."

"సరే బిడ్డా," అని సత్తెమ్మ ఫోన్ పెట్టేసింది. చెవులు వేడెక్కిపోయాయని, ఇంట్లో ఎవరూ లేకున్నా కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నానని తరవాత నాతో చెప్పింది. సగం బొంత పూర్తి చెయ్యమని తెచ్చిస్తే చేసిన పని ఇదా? చచ్చిపోయిన మనిషి చేతిని తుడిచేసి, ఆహా అనిపించుకోవడానికి ఎదురింటావిడను పిలిచింది.

బొంత తీసి వెలుగులో పరిచింది. విప్పిన చోట సూది రంధ్రాలు ఇంకా ఉన్నాయి. తన తిన్నని వరసల పక్కనే చెన్నమ్మ వరస ఎక్కుతూ దిగుతూ చుక్కలు చుక్కలుగా కనబడుతోంది. తన కుట్లు పీకేసి, అవే రంధ్రాల్లో సూది దూర్చుకుంటూ పోతే ఆమె కుట్టు మళ్ళీ వచ్చేది. దారం కొత్తదే అయినా దారి ఆమెదే అయ్యేది. ఆ ఆలోచన సత్తెమ్మకు రాకపోలేదు. సూది తీసుకుంది కూడా. కానీ ఆ ఆదివారమే మౌనిక వస్తానంది. సగం విప్పిన బొంత చూసి ఇదేందని అడిగితే ఏం చెప్పాలి?  ఆ భయంలో ఇంకా పాడుపని చేసింది.

నానితే నూలుబట్ట దగ్గరపడుతుంది, సూది రంధ్రాలు మూసుకుపోతాయి. అది ఆమెకు తెలుసు. తెలిసే పెద్ద టబ్బులో సబ్బునీళ్ళు కలిపి బొంత ముంచింది. చీర ఎగ్గట్టి అందులోకి దిగి కాళ్ళతో తొక్కింది. ఎంతకీ టబ్బులోంచి బయటికి రాదేమని రామచంద్రం అడిగితే కసిరింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని పిండారు, డాబా మీద ఆరేశారు. సాయంత్రం పోయి చేత్తో తడిమి చూసింది. ఒక్క రంధ్రం లేదు. దొంగసొత్తు దాచిపెట్టినట్టు అనిపించింది. అద్దం ముందు బొట్టు పెట్టుకోబోయి, తన మొహం తనే చూడలేక పక్కకు తిరిగింది.

ఆదివారం మౌనిక వచ్చింది. మంచం మీద బొంత పరచుకుని, అంచు వెంట వేలితో రాస్తూ చాలాసేపు కూర్చుంది. ఏడుస్తుందనుకుంటే నవ్వింది.

"గుర్తు పెట్టకున్నా పాయె, అంచున ఉండేది అమ్మదే కదా. ఎంత నేరుగా కుట్టింది పెద్దమ్మా మా యమ్మ! ఆస్పత్రిలో మంచం మీద కూచోని కుడతాంటే చేతులు వణికేవి. వంకర పోతాంది, నవ్వుతావు, చూడొద్దే అని దాచుకునేది. వంకర యాడుంది? ఉత్తదే, నన్ను ఏమార్చింది."

ఊ అంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. సత్తెమ్మ ముందుకు వంగి ఆ వరస మీద వేలు పెట్టింది.

"అవి మీ అమ్మవి కావు బిడ్డా. నావి. మీ అమ్మ కుట్లు నేను ఇప్పేసిన."

మౌనిక వేలు అక్కడే ఆగిపోయింది.

"ఎందుకు?"

"వంకర ఉన్నయని."

 నేను గుమ్మంలోనే ఉన్నాను. నాకు కూడా నేల చీలితే బాగుండుననిపించింది. మౌనిక బొంత మడిచింది, సంచిలో పెట్టుకుంది, చెప్పులేసుకుంది.  తిట్టినా కొంత నయంగా ఉండేది. గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"ఎట్లా వంకర?" అంది.

సత్తెమ్మకు అర్థం కాలేదు.

"యాడ వంకర పోయింది? నేను చూడనే లేదు కదా. నువ్వే చూసినావు. చూపించు."

బొంత మళ్ళీ పరిచారు. ఒక్కొక్క కుట్టూ తన చేత్తోనే విప్పింది కాబట్టి సత్తెమ్మకు గుర్తుంది. అంచు దగ్గర వేలు పెట్టి, తన తిన్నని వరసల మీదుగా చెన్నమ్మ పోయిన దారి గీసింది. ఇక్కడ పైకి ఎక్కింది. ఇక్కడ జారింది. ఈ మూలన రెండు కుట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆమె వేలి వెనకే మౌనిక వేలు కదిలింది.

"ఈ మూలన ఎందుకట్లా?"

"తెల్వదు బిడ్డా. చెయ్యి జర ఆగినట్టుంది."

మౌనిక కాసేపు ఆ మూలనే చెయ్యి పెట్టి ఉంచింది. తరవాత, "ఇంకోసారి చూపించు పెద్దమ్మా," అంది. "నేను మర్చిపోకుండ."

సత్తెమ్మ మళ్ళీ అంచు నుంచి మొదలుపెట్టింది. ఎక్కడం వచ్చింది, జారడం వచ్చింది, ఆ మూల వచ్చింది. మూల తిరిగాక వేలు ఆగింది. పైకా, కిందికా? ఉతికిన బట్ట మీద ఏ గుర్తూ లేదు. మౌనిక ఆమె మొహంలోకి చూస్తూ, వేలు ఎత్తి పట్టుకుని కూర్చుంది.

"కిందికి," అంది సత్తెమ్మ.

మౌనిక వేలు కిందికి జరిపింది. సత్తెమ్మకు గుర్తు లేదు.