ట్రైలర్‌లో నైవేద్యం

అమెరికాలోని నోవైలో ఏ తెలుగింట్లో ఏ పని జరిగినా జగన్మోహన్‌గారు ఒక తప్పు పట్టాల్సిందే. మనిషి మంచివాడే, నోరే ఊరుకోదు. పెళ్లి మంటపం సామాను మోసే ట్రైలర్ ఇక్కడి తెలుగువాళ్లందరిదీ. కారు వెనక తగిలించే ఆ పెద్ద పెట్టెను చలికాలమంతా తన పెరట్లో, మంచులో ఉంచుకుంటానని ఆయనే ముందుకొచ్చాడు.

వసుమతి మాత్రం జంకింది. చనిపోయిన తల్లి పెళ్లి పట్టుచీరను ఆవిడ ఆ మంటపానికి అడ్డుతెరగా కుట్టించింది. కూతురు ఇషా పెళ్లిలో అదే పట్టించాలని ఆవిడ కోరిక.

"ఈ ఒక్కటీ ఇంటికి పట్టుకెళ్తానన్నయ్యా" అంది.

"సెట్ విడదీస్తే మళ్లీ ఒక్కచోటికి రాదమ్మా. పూచీ నాది" అని ఆయన లాక్కున్నంత పని చేశాడు.

దసరాకి ట్రైలర్ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి వాహన పూజ చేశాడు. కొట్టిన కొబ్బరి చెక్కలు, మరమరాలు, బెల్లం లోపల ఒక మూల పెట్టి తాళం వేశాడు. బండికి పెట్టిన నైవేద్యం ఎత్తెయ్యకూడదని ఆయన పట్టింపు.

ఏప్రిల్‌లో, ఇషా పెళ్లికి సామాను దించుదామని తలుపు తీస్తే గుప్పున కంపు. లోపల ఎలుకలు కాపురం పెట్టాయి. అడ్డుతెర పీలికలై వాటి గూట్లో ఉంది. వసుమతి ఒక పీలిక చేతిలోకి తీసుకుని అలాగే కూర్చుండిపోయింది.

జగన్మోహన్‌గారు సాయానికొచ్చిన నిశాంత్ మీద విరుచుకుపడ్డాడు. "పోయినసారి సర్దేటప్పుడు మీ అనిక ఇందులోనే కూర్చుని చిప్స్ తింది కదయ్యా! పిల్లల్ని కంట్రోల్ చేసుకోవద్దా?"

నిశాంత్ మొహం కందిపోయింది. బయటికెళ్లి కూతురికి ఫోన్ చేశాడు.

ఇంతలో గూడు కదిపిన వసుమతి చేతికి ఒక కొబ్బరి చిప్ప తగిలింది. కొబ్బరంతా కొరికేశాయి, అంచున కుంకుమ మాత్రం ఉంది. ఆవిడ దాన్ని ఆయన ముందు పెట్టింది. మళ్లీ పీలికలు ఏరుకోసాగింది.

తిట్టినా బాగుండేది. ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆవిడ మొహం చూడలేక బయటికొచ్చాడు.

"నిశాంత్, పాప కాదయ్యా. ఆ నైవేద్యం నేనే పెట్టాను. తప్పు నాదే."

నిశాంత్ ఆయన్ని తేరిపార చూశాడు. "ఇప్పుడే తిట్టేశానన్నా. ఏడుస్తోంది. ఆ మాటేదో దానికే చెప్పండి" అని ఫోన్ చేతిలో పెట్టాడు.

ఆయన ఫోన్ చెవికి ఆనించి, గొంతు సవరించుకునేలోపే అవతల వెక్కిళ్లు వినిపించాయి.

"అంకుల్, ఐ యామ్ సారీ. నేను తిన్నానా, నాకు గుర్తు లేదు. బట్ సారీ అంకుల్" అంది అనిక.