అక్క అడిగిన పవర్ సప్లై

ఆ రోజుల్లో ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో నాకు చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. మా అక్క సారపాకలో కిరాయి ఇంట్లో ఒంటరిగా ఉండేది. అడవిలో ఒక కోయ గూడెం బడిలో పంతులమ్మగా పనిచేసింది. ఒకటో తరగతి పిల్లలకు తెలుగు అర్థంకాక బిక్కమొహం వేస్తుంటే, వాళ్ల ఇంటి మాటల పక్కన తెలుగు అర్థాలు రాసి పుస్తకం చేయాలనుకుంది. కిడ్నీలు పాడై బడి మానేశాక ఆమెకు ఆ పనే లోకమైంది.

వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం ఖమ్మం దవాఖానాకు వచ్చేది. మిగతా రోజుల్లో పొద్దున ఓపిక ఉన్నంతసేపు టైపు చేసేది. ఆ ఎండాకాలం సరిగ్గా ఆ వేళకే కరెంటు కోత. ఇన్వర్టర్ మీద కంప్యూటర్ గంట కూడా నడిచేది కాదు. పాత సామాన్లతో నేనే కట్టి ఇచ్చిన కంప్యూటర్ అది; లోపల దానికి కరెంటు అందించే పవర్ సప్లై కూడా పాతదే.

ఒకరోజు దవాఖానా మంచం మీది నుంచి అడిగింది.

"ఒరేయ్, కొత్త పవర్ సప్లైలు కరెంటు తక్కువ తింటయంట. నిజమేనా?"

"ఎవరు చెప్పిండ్రు?"

"పేపర్ల చదివిన. మన డబ్బా ఎనక చెయ్యి పెడితే కాలుతది. ఆ వేడంతా బ్యాటరీ కరెంటు వృథా పోవుడే కదరా?"

"అన్నీ ఒక్కటే అక్కా. కొత్త స్టిక్కర్ అంటిస్తరు, గంతే."

రిపేర్లు చేసేవాణ్ణి నేను, అక్కకేం తెలుసనుకున్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

వానలు మొదలయ్యాక షాపుకు కొత్తరకం పవర్ సప్లై ఒకటి వచ్చింది. ఊరికే మీటరు పెట్టి చూశాను. అదే కంప్యూటర్, అదే పని. పాతది లాగినంత కరెంటు ఇది లాగలేదు. దాని వెనక గాలి కూడా అంత వేడిగా లేదు. మర్నాడే దాన్ని పట్టుకుని సారపాక బస్సెక్కాను.

పాతది తీసి దీన్ని బిగించాను. అద్భుతమేమీ జరగలేదు. మానిటర్ తినేది అది తింటూనే ఉంది. కరెంటు పోయాక పది నిమిషాలు ఎక్కువ నడిచింది, అంతే. కానీ అప్పటికి అక్క వేళ్లు వాచిపోయాయి. కూర్చోలేకపోతోంది.

"ఈ పది నిమిషాలు ఎండాకాలంలనే ఉంటే రోజుకు ఆరేడు మాటలు ఎక్కువ కొట్టేదాన్ని," అంది. నా మొహం చూసి, "ఏడుస్తవేందిరా? నువ్వు కూసో. నేను చెప్త, నువ్వు కొట్టు," అంది.

షాపు మూసి అక్కడే ఉండిపోయాను. తొమ్మిది రోజులు చెప్పింది. పదో రోజు పొద్దున ఇక నిద్ర లేవలేదు.

ఆమె నోటుపుస్తకాల్లో ఇంకా సగం మాటలు మిగిలాయి. అన్నీ తనకు మాత్రమే తెలిసిన పొట్టి గుర్తులు. వాటితో ఎంత కుస్తీ పట్టినా నాకు అర్థం కాలేదు. టైపు చేసినంతవరకు ప్రింటు తీసి, కుట్టించి, గూడేనికి తీసుకెళ్లాను. అక్కకు ఆ మాటలు చెప్పిన ముసలమ్మ బడి ముందు కూర్చుని ఉంది. చదువు రాకపోయినా కాగితాలన్నీ ఒక్కొక్కటే తిప్పింది.

"గింతేనా? నేను శానా చెప్పిన గదా," అంది.

"అవ్. మిగతాది రాయలేకపోయినం," అన్నాను.

ఆమె పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని లోపల పిల్లల దగ్గరికి వెళ్లింది.